వ్యంగ్య విజ్ఞానకల్పనా నవలామాలికలు: ఢిల్లీ పాఠకుల అభిప్రాయములు

విజ్ఞానశాస్త్రము చూపు సాధ్యాసాధ్యములను ఆధారముగా గైకొని, భావికాలమునో లోకాంతరమునో రంగస్థలముగా నిలిపి, తుదకు వర్తమానమునందలి పాలకుల అవకతవకలనే పరిహసించు నవలలను వ్యంగ్య విజ్ఞానకల్పనములని వ్యవహరింతురు. ఒకే కల్పితలోకమునకు చెందిన రెండు మూడు గ్రంథములు వరుసగా వెలువడినచో అది మాలిక యగును. రాజధానియగు ఢిల్లీయందును, దానిని చుట్టుకొనియున్న గురుగ్రామ్, నోయిడా, ఘాజియాబాద్, ఫరీదాబాద్ పట్టణములందును ఈ శాఖ గడచిన రెండు దశాబ్దములలో ఆంగ్లభాషాముఖమున విశేషముగా పెంపొందినది. దేశమున ఆంగ్లగ్రంథములను ప్రచురించు పెద్ద సంస్థలు పెక్కు ఈ ప్రాంతముననే నెలకొనియుండుట ఇందుకొక కారణము. పెంగ్విన్ వారు గురుగ్రామ్ నుండియు, ఆలెఫ్ వారు దర్యాగంజ్ అన్సారీ రోడ్డు నుండియు గ్రంథములు వెలువరించుచున్నారు. పరిహాసమునకు కావలసిన ముడిసరకు, అనగా మంత్రిత్వశాఖలు, ఫైళ్లు, బంగళాలు, 2017 వరకు ఎర్రదీపపు కార్లు, భద్రతావలయములు, ఇచటనే సమృద్ధిగా దొరకుట అంతకంటె బలమైన కారణము. ఈ మాలికలను గూర్చి పాఠకులు చేయు వాదోపవాదములను తరచి చూచినచో, వాని మూలమున ఒక్క ప్రశ్నయే కానవచ్చును: గ్రంథములోని భావికాలము తమ వాకిలికి ఎంత దూరమున నున్నది?

ఇట్టి రచన ఈ దేశమునకు క్రొత్తది కాదు. 1835లోనే కైలాస్ చందర్ దత్ అను కలకత్తా యువకుడు 1945వ సంవత్సరమున ఆంగ్లేయులపై జరుగబోవు తిరుగుబాటును నలుబదియెనిమిది గంటల దినచర్యగా ఊహించి వ్రాసెను. 1905లో రొకేయా సఖావత్ హుస్సేన్ మదరాసు పత్రిక యొకదానియందు ‘సుల్తానాస్ డ్రీమ్’ ప్రకటించి, పురుషులు ఘోషాలో నుండగా స్త్రీలు సూర్యశక్తిని వశపరచుకొని రాజ్యమేలు దేశమును చూపెను. తెలుగువారికి ఈ సందర్భమున విశ్వనాథ సత్యనారాయణగారి ‘హాహాహూహూ’ స్ఫురింపక మానదు. లండన్ నగరమున ట్రఫాల్గర్ స్క్వేరునందు వచ్చిపడిన అశ్వముఖ గంధర్వుని చూచి ఆంగ్లేయ పండితులును శాస్త్రజ్ఞులును పడు గాభరా అందలి ప్రధానహాస్యము. వెల్చేరు నారాయణరావుగారి ఆంగ్లానువాదము 2018లో పెంగ్విన్ వారు వెలువరించిన పిమ్మట అది ఢిల్లీలోని తెలుగేతరులకును అందుబాటులోనికి వచ్చినది.

అయినను ఢిల్లీ పాఠకుని రుచిని తీర్చిదిద్దిన రచన హిందీలోనిది, అదియు నవల కాదు. జబల్‌పూరు నివాసియగు హరిశంకర్ పర్సాయీ వ్రాసిన ‘ఇన్‌స్పెక్టర్ మాతాదీన్ చాంద్ పర్’ అను కథయందు, చంద్రలోక ప్రభుత్వమువారు తమ పోలీసులకు శిక్షణ నిచ్చుటకై భారతదేశము నుండి ఒక అధికారిని పంపవలసినదని కోరుదురు. మాతాదీన్ అచటికేగి పరిశీలించి, పోలీసులకు జీతములు మిక్కుటముగా నున్నందువలననే వారు పనిచేయుట లేదని కనిపెట్టి, జీతములు తగ్గించవలసినదని సలహా ఇచ్చును. పోలీసు లైన్లలో హనుమంతుని గుడి లేకపోవుట గొప్ప లోపమని నిర్ధారించును. దెబ్బతిని పడియున్న వానిని ఆసుపత్రికి మోసికొనిపోయిన పుణ్యాత్మునిపైననే హత్యానేరము మోపి, సాక్షులను తయారుచేసి, శిక్ష పడునట్లు చేయును. కొన్నాళ్లకు చంద్రలోకమున ఆపదలోనున్న వానిని తాకువాడు లేకుండ పోవును. కథ యంతయు కొలది పుటలు మాత్రమే. హిందీ చదువరులలో పలువురు వ్యంగ్యకల్పనకు ఈ కథను గీటురాయిగా ఉంచుకొని, అయిదువందల పుటల ఆంగ్లనవలను చేత బట్టినపుడు, పర్సాయీ పది పుటలలో చెప్పినదానికి ఇంత కాగితమేల యని ప్రశ్నింతురు. ఆ ప్రశ్న న్యాయమైనదే గాని, నవల చేయదగిన పని వేరు. ఒక లోకమును కట్టి అందులో పాఠకుని కొంతకాలము కాపురముంచుట కథకు సాధ్యము కాదు.

ఆంగ్లమున ఈ శాఖకు విశ్వవ్యాప్తి కలిగించినవాడు డగ్లస్ ఆడమ్స్. 1978లో బీబీసీ రేడియో నాటికగా ఆరంభమైన ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ మరుసటి సంవత్సరము నవలారూపము దాల్చి, 1992 నాటికి అయిదు సంపుటములుగా పెరిగినది. ఢిల్లీలో ఈ మాలికను చదివిన ఒకతరమువారు పెక్కురు దర్యాగంజ్ ఆదివారపు పాతపుస్తకముల బజారులో కొనినవారే. 2019లో న్యాయస్థానపు ఉత్తరువుచే ఆ బజారు కాలిబాట మీది నుండి మహిళా హాట్ ఆవరణలోనికి తరలినది గాని, అందాక ఖాన్ మార్కెట్ దుకాణములలో క్రొత్తప్రతి వెల చెల్లింపజాలని విద్యార్థులకు అదియే గ్రంథాలయము. ఆడమ్స్ మాలికకు ఇచటి పాఠకులు చూపు ఆదరమునందు ఒక ప్రత్యేకత కలదు. ప్రథమ నవలారంభమున బైపాసు రహదారి నిర్మించుటకై ఆర్థర్ డెంట్ ఇంటిని కూలగొట్టుటకు బుల్‌డోజరు వచ్చి నిలుచును. ప్రణాళిక ఏనాడో బహిరంగముగా ప్రదర్శింపబడినదని అధికారి వాదించును. తీరా విచారింపగా అది దీపములు లేని నేలమాళిగలో, వాడుకలో లేని మరుగుదొడ్డియందు, తాళము వేసిన బీరువా అడుగున ప్రదర్శింపబడినదని తేలును. మరికొంతసేపటికి భూగోళమునకే అదే గతి పట్టును; దాని ప్రణాళిక వేరొక నక్షత్రమండలమునందలి కార్యాలయములో నుండెనట. ఆంగ్లేయ పాఠకుడు దీనిని అతిశయోక్తిగా గ్రహించి నవ్వును. 2006లో సర్వోన్నత న్యాయస్థానపు ఆజ్ఞపై జరిగిన దుకాణముల సీలింగు కాలమున తన దుకాణము తలుపుపై లక్కముద్ర పడగా చూచినవాడు, ఢిల్లీ అభివృద్ధి సంస్థయగు డీడీఏ వారి మాస్టరు ప్లానులో తన వీధికి ఏ రంగు వేసియున్నదో తెలిసికొనుటకు ఏండ్లతరబడి తిరిగినవాడు, ఇందు అతిశయోక్తి ఎచటనున్నదని అడుగును. అతడును నవ్వును గాని ఆ నవ్వు వేరు.

ఢిల్లీ నివాసియగు సమిత్ బసు ఈ ప్రాంతపు రచయితలలో వయస్సున చిన్నవాడయ్యును మాలికారచనయందు పెద్దవాడు. అతని ‘గేమ్‌వరల్డ్’ త్రయములో మొదటిది ‘ది సిమోకిన్ ప్రాఫెసీస్’. కడపటిది 2007లో వెలువడిన ‘ది ఉన్వాబా రివెలేషన్స్’. ఇతిహాసపురాణములను, పాశ్చాత్య అద్భుతగాథలను, చలనచిత్రములను ఒకే మూసలో కరగించి పోసిన ఈ త్రయము నిజమునకు విజ్ఞానకల్పన కాదు, అద్భుతకల్పన. అయినను దేవతలు మనుష్యులతో ఆటలాడుకొందురను దాని మూలభావము వ్యంగ్యమే గనుక ఇచట ప్రస్తావింపదగినది. 2010 నాటి ‘టర్బ్యులెన్స్’, దాని తరువాతి ‘రెసిస్టెన్స్’ ఈ వ్యాసవిషయమునకు మరింత సన్నిహితములు. లండన్ నుండి ఢిల్లీకి వచ్చు విమానమునందలి ప్రయాణికులందరికిని తమతమ అంతరంగమునందలి కోరికలకు తగిన అమానుషశక్తులు సంక్రమించుట ఇందలి కథాబీజము. పెక్కు పనులు పెక్కు చోట్ల చేయవలెనని కోరుకొనిన తియా అను గృహిణి తన్ను తాను అనేక రూపములుగా చీల్చుకొనగలుగును. పలుకుబడి లేని అమన్ సేన్ అను యువకుడు సమాచారవ్యవస్థలన్నిటిని మనస్సుతోనే శాసింపగలుగును. సిఫారసు లేనిదే కదలని నగరమున జనించిన కోరికకు ఇంతకంటె సహజమైన వరము మరియొకటి లేదని పాఠకులు మెచ్చుకొనిరి. ఉత్తరార్ధమున శక్తిమంతులు పరస్పరము కలహించు ఘట్టములు అధికమై పరిహాసము పలుచబడినదని అసంతృప్తి చెందినవారును కలరు. రెండవ గ్రంథము 2020 నాటి ప్రపంచమంతటను సంచరించుట చేత, మొదటిదానియందలి దేశీయపు వాసన కొంత తగ్గినదను మాటలో సత్యము లేకపోలేదు.

ఈ నగరమునకు నిజముగా తనదైన మాలిక శోవన్ చౌధురిది. ఇతడు బెంగాలీ, ప్రకటనల రంగమున పనిచేసినవాడు, ఢిల్లీలో నివసించినవాడు. ఆలెఫ్ వారు 2013లో ప్రచురించిన ‘ది కాంపిటెంట్ అథారిటీ’ ఇతని తొలి నవల. 2015లో అదే కల్పితలోకమునకు చెందిన ‘మర్డర్ విత్ బెంగాలీ క్యారెక్టరిస్టిక్స్’ వెలువడినది. మొదటిదానియందు చైనాతో జరిగిన అణుయుద్ధానంతర భారతము చిత్రింపబడినది. బొంబాయి నామరూపములు లేకుండ పోయినది, ఢిల్లీ కొంత ధ్వంసమైనది, బెంగాలు చైనావారి రక్షణలోని ప్రాంతమైనది. మిగిలిన దేశమును పాలించువాడు ప్రజలెన్నుకొనిన నాయకుడు కాడు. ఫైళ్లపై నిత్యము కనబడు ‘కాంపిటెంట్ అథారిటీ’ అను హోదాయే పేరుగా చలామణియగు ఒక ఉన్మత్త అధికారి. అతడు తెచ్చిపెట్టబోవు మహావినాశమును తప్పించుటకు పండ్రెండేండ్ల పింటూ అను బాలుడు, తనకు గల అద్భుతశక్తులతో, గతకాలమునే మార్చి భావికాలమును చక్కదిద్ద సంకల్పించును. ఇంత భయంకరమైన ఇతివృత్తమును రచయిత ఆద్యంతము తొణకని స్వరముతో, ఒక గుమాస్తా నోట్‌షీటుపై వ్రాసినంత నిమ్మళముగా చెప్పుకొనిపోవుట ఈ నవలయందలి ముఖ్యశిల్పము.

ఈ గ్రంథముపై వెలువడిన అభిప్రాయములలో మొదట పేర్కొనదగినది నిడివిని గూర్చిన ఫిర్యాదు. పాత్రలు మెండు, ఉపకథలు మెండు, ఒక్కొక్క పాత్ర ప్రవేశించినంతనే దాని పూర్వచరిత్ర చెప్పుట రచయితకు అలవాటు; తత్కారణమున మొదటి నూరు పుటలు దాటులోపల పట్టువిడిచినవారు కలరు. ప్రతి వాక్యమునందును ఒక చమత్కారమును ఇమిడ్చుట ప్రకటనల రంగమున గడించిన విద్య యనియు, అరనిమిషపు ప్రకటనకు అది భూషణమే గాని పెద్దనవలకు భారమగుననియు కొందరి మతము. ఈ విమర్శను పూర్తిగ త్రోసివేయుటకు వీలులేదు. అయితే ప్రభుత్వకార్యాలయములలో జీవితము గడపిన పాఠకులు ఈ విషయమున భిన్నముగా తీర్పుచెప్పుట గమనింపదగినది. ఒక ప్రతిపాదన సెక్షను ఆఫీసరు నుండి అండరు సెక్రెటరీకి, అచటినుండి డిప్యూటీ సెక్రెటరీకి, మరల క్వెరీతో క్రిందికి ప్రయాణించు తీరెరిగినవారికి ఆ సాగదీతయే యథార్థచిత్రణముగా తోచినది. శాస్త్రి భవనమునందో కృషి భవనమునందో పనిచేసిన ఉద్యోగి, చావుబ్రతుకుల నిర్ణయములు సమావేశపు మినిట్సులో కర్మణి ప్రయోగమున కరగిపోవు ఘట్టములను చదివి, ఇందు విజ్ఞానకల్పన ఏదియో ముందుగా చెప్పవలసినదని అడిగినచో ఆశ్చర్యపడ బనిలేదు.

మనుష్యావయవములను సేకరించి ఉన్నతవర్గములకు అందించు ‘బ్యాంక్ ఆఫ్ బాడీస్’ అను సంస్థను గూర్చిన భాగములు పాఠకులను మిక్కిలి కలవరపరచినవి. బీదల దేహములు భాగ్యవంతులకు విడిభాగముల దుకాణములగుట అను భావము ఢిల్లీ రచయితలకు అంతకుముందే పరిచితము. మంజులా పద్మనాభన్ రచించి 1997లో గ్రీసుదేశపు ఒనాసిస్ బహుమానము పొందిన ‘హార్వెస్ట్’ నాటకమునకు అదియే వస్తువు. ఆ నాటకమును చదివి నవ్వువారుండరు; చౌధురిని చదివి నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడువారు పెక్కురు. ఇట్టి క్రూరవిషయములను హాస్యముగా చెప్పతగునా యను ఆక్షేపణకు, చెప్పినందువలననే చివరివరకు చదువగలిగితిమి గదా యను సమాధానము పాఠకలోకమునుండియే వచ్చుచుండును. ఈ వ్యాసకర్తకు రెండవ పక్షమే సమంజసముగా తోచును.

ఇక మెప్పులలో తరచుగా వినవచ్చునది, రచయిత భవిష్యద్ద్రష్ట యనునది. 2013 తరువాత నగరమున జరిగిన ఏ వింతసంఘటననైనను చూపి, చౌధురి ముందే వ్రాసెనని చెప్పుట అతని అభిమానులకు అలవాటైనది. దీనికి నిదర్శనములు కొరవడలేదు. నగరపు తూర్పుసరిహద్దున ఘాజీపూరు చెత్తకొండ 2018 నాటికి సుమారు 65 మీటర్ల యెత్తున నిలిచినది. కుతుబ్ మీనారు 73 మీటర్లు మాత్రమే గనుక, త్వరలో విమానములను హెచ్చరించుటకు ఆ కొండపై ఎర్రదీపములు పెట్టవలసి వచ్చునని సర్వోన్నత న్యాయస్థానమే వ్యాఖ్యానించినది. అంతకు పూర్వసంవత్సరమున ఆ కొండలో ఒక భాగము విరిగిపడి ఇద్దరు మరణించిరి. 2016 నవంబరు నాటి పొగమంచులో పాఠశాలలు మూతపడినవి. ఇట్టి నగరమున వ్యంగ్యకారుడు ఎంత ముందునకు ఉరికినను వార్తాపత్రిక అతనిని వెన్నంటియే వచ్చును. అయినను భవిష్యద్ద్రష్ట యను ఈ ప్రశంస రచయితకు ఉపకారము చేయుట లేదు. జ్యోతిష్కుని విషయమున చెప్పినది జరిగినదా లేదా అను లెక్క చాలును. నవలాకారుని విషయమున వాక్యమును చూడవలెను, పాత్రను చూడవలెను, దుర్మార్గునియందు కూడ కొంత దైన్యమును నిలిపిన నేర్పును చూడవలెను. చౌధురి సృష్టించిన మహాధికారి తాను దేశమును ఉద్ధరించుచున్నానని మనస్ఫూర్తిగ నమ్మువాడు. ఆ నమ్మకమే భయహేతువు. అంచనాల నెరవేరికను లెక్కించు పాఠకుడు ఈ సంగతిని దాటిపోవుచున్నాడు.

రెండవ నవల విషయమున అభిప్రాయములు మరియు తీవ్రముగా చీలినవి. రంగము చైనాపాలనలోని కలకత్తాకు మారినది. ఒక ఉపాధ్యాయుని హత్యను ఆన్ లీ అను చైనా ఇన్‌స్పెక్టరు విచారించుట కథ. మొదటిదానియందలి మహాధికారినే మరల ఎదురుచూచినవారికి ఇది నిరాశ కలిగించినది. ఢిల్లీలోని చిత్తరంజన్ పార్కు నివాసులగు బెంగాలీలకు ఇందలి ప్రతి పరిహాసము, భద్రలోకమనబడు బెంగాలీ విద్యావంతవర్గపు ఆలస్యములు, అజీర్ణములు, అంతులేని చర్చలు, రాజకీయపక్షముల తగవులు, ఇంటిమనుష్యుల ముచ్చటవలె తోచగా, పంజాబీ పాఠకునకును తమిళునకును సగము చమత్కారములు గాలికి పోయినవి. తెలుగువాని స్థితి మధ్యస్థము. బెంగాలీ రచయిత శరత్తు నవలలను తెలుగులోనే చదివి పెరిగిన తరమువారికి కలకత్తా పరాయి నగరము కాదు. మాలికలకు ఈ కష్టము సహజము. పాఠకుడు రెండవ సంపుటమును తెరచునది మొదటి నవ్వునే మరల నవ్వుటకు. రచయిత వ్రాయునది ఆ నవ్వు తనకు చాలినందున. ఆడమ్స్ అంతటివానికిని ఇది తప్పలేదు. అతని అయిదవ సంపుటము ‘మోస్ట్‌లీ హార్మ్‌లెస్’ చీకటిగా నున్నదని అభిమానులు నొచ్చుకొనిరి. రచయితయు ఆ మాట అంగీకరించి, ఆరవది వ్రాయదలచియుండియు 2001లో గతించెను. 2009లో ఓయిన్ కోల్ఫర్ ఆరవ సంపుటమును వ్రాసి పూరించినను, దానిని మూలమాలికలో చేర్చుటకు ఒప్పుకొననివారు నేటికిని కలరు.

బసు రచించిన ‘చోజెన్ స్పిరిట్స్’ 2020లో వెలువడి, ఆ యేటి జేసీబీ సాహిత్యబహుమాన తుదిజాబితాకు ఎక్కినది. విదేశములందు ‘ది సిటీ ఇన్‌సైడ్’ అను పేరిట 2022లో అచ్చుపడినది. ఇది మాలికలోనిది కాదు గాని, ఢిల్లీ భావికాలమును గూర్చిన చర్చలలో చౌధురి ప్రక్కన దీనిని నిలుపక మానరు. ప్రసిద్ధుల నిత్యజీవితమును ప్రత్యక్షప్రసారముగా మలచు ఉద్యోగినియగు జోయీ ఇందలి నాయిక. అణుయుద్ధము లేదు, ఉన్మత్త పాలకుడు లేడు. తలిదండ్రులు ఇంటిలో మాటలాడుటకు జంకుదురు, గాలి చెడినది, నీరు కరవైనది, ఉద్యోగము మాత్రము బాగున్నది. దీనియందు హాస్యము చాలదని చౌధురి పక్షమువారును, అంత బిగ్గరగా నవ్వించుట నేటి స్థితికి తగదని బసు పక్షమువారును వాదింతురు. మొదటి పక్షమువారు ప్రాయికముగా వయస్సు చెల్లినవారు, రెండవ పక్షమువారు గురుగ్రామ్ కార్యాలయములందు పనిచేయు యువజనులు. తరములకు తగిన భయములు గదా.

శోవన్ చౌధురి 2021లో మరణించుటచే అతని మాలిక రెండు గ్రంథములతోనే నిలిచిపోయినది. ఈ శాఖలో ఢిల్లీ పుట్టించిన రచనలన్నిటిలో అగ్రస్థానము దానిదే యనుటకు సందేహింప బనిలేదు. అయితే రెండింటిలో మేలైన నవల ఏది యనునప్పుడు లోకాభిప్రాయముతో ఈ వ్యాసకర్త ఏకీభవింపజాలడు. మొదటిదానికి విస్తృతి గలదు, రెండవదానికి బిగువు గలదు. హత్యావిచారణ యను త్రాడు చేత నున్నందున అచట రచయిత దారితప్పి తిరుగుట తక్కువ. ఈ మాలికను క్రొత్తగా చేపట్టువారు రెండవ గ్రంథముతోనే ప్రారంభింపవచ్చును. కథాక్రమమునకు భంగము రాదు, పెద్దదానిని చదువుటకు కావలసిన ఓపికయు దానంతట అదే అలవడును.